కెర్నెల్ డీబగ్గింగ్‌కు ఇంకా సీరియల్ కేబులే ఎందుకు?

సంక్షిప్తంగా: ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ను, ప్రోగ్రామ్‌లను నడిపించే మూలభాగం కెర్నెల్. తప్పులు వెతకడానికి (దీన్నే డీబగ్గింగ్ అంటారు) దాన్ని మధ్యలో ఆపి లోపల ఏం జరుగుతోందో చూడాలంటే రెండో కంప్యూటర్, రెండింటినీ కలిపే ఒక తీగ కావాలి. కెర్నెల్ ఆగితే దాని మీద నడిచేవన్నీ ఆగిపోతాయి. అందుకే ఆ తీగ వీలైనంత తక్కువ కోడ్ మీద ఆధారపడాలి. బిట్లను ఒకదాని తర్వాత ఒకటిగా పంపే 1960 నాటి సీరియల్ ప్రమాణం ఇంకా బతికి ఉండటానికి అసలు కారణం ఇదే. తర్వాత వచ్చిన ఫైర్‌వైర్, యూఎస్‌బీ, ఈథర్‌నెట్ దారులు వేగాన్నిచ్చాయి, కానీ వాటి వెంట ప్రత్యేక హార్డ్‌వేర్, అదనపు కోడ్, భద్రతా చిక్కులు కూడా వచ్చాయి.

2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ తయారుచేసే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ విడుదల చేసిన ఒక అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాద్ నుంచి వెళ్లే విమాన ప్రయాణికులకు చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది. కారణం చూడటానికి చిన్నదే. కెర్నెల్‌లో నడిచే ఆ సంస్థ డ్రైవర్ (కెర్నెల్‌కు జోడించే సాఫ్ట్‌వేర్ ముక్క) 20 విలువలున్న పట్టికలో 21వ విలువను చదవబోయింది. ఆ తప్పు మామూలు ప్రోగ్రామ్‌లో జరిగి ఉంటే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే మూతపడేది. కెర్నెల్‌లో జరిగింది కాబట్టి యంత్రం మొత్తం కూలిపోయింది. నెట్‌వర్క్ కూడా లేవకపోవడంతో ఎన్నోచోట్ల ఒక్కో కంప్యూటర్ దగ్గరికి మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును చెరిపేయాల్సి వచ్చింది.

ఆ ఘటనలో తప్పు ఎక్కడుందో క్రాష్ డంపుల నుంచి బయటపడింది. కూలిపోయే క్షణంలో మెమరీని డిస్కులోకి రాసుకోగలిగితే తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. అన్ని తప్పులూ అంత ఆనవాలు మిగల్చవు. కొత్త బోర్డు మీద కెర్నెల్ మొదటి అడుగులోనే ఆగిపోతే డంపు రాయడానికి డిస్కు డ్రైవరే ఇంకా లేచి ఉండదు. యంత్రం కూలకుండా బిగుసుకుపోయి, కీబోర్డుకూ మౌస్‌కూ స్పందించకపోతే డంపు తీయమని చెప్పే దారే మూసుకుపోవచ్చు. అలాంటి చోట బయటి నుంచి తీగ వేసి, బతికున్న కెర్నెల్‌ను ఆపి చూడటం ఒక్కటే మిగులుతుంది.

రెండు కంప్యూటర్లు ఎందుకు

మామూలు ప్రోగ్రామ్‌ను డీబగ్ చేయడానికి అదే కంప్యూటర్‌లో డీబగ్గర్ తెరిస్తే చాలు. డీబగ్గర్ ఒక ప్రోగ్రామ్, పరీక్షకు గురయ్యేది మరో ప్రోగ్రామ్. రెండింటినీ వేరుగా ఉంచి, ఒకదాన్ని ఆపి మరోదాన్ని నడిపించే పని కెర్నెల్ చూసుకుంటుంది. ఇక్కడ ఆపాల్సింది ఆ కెర్నెల్‌నే. తెర మీద అక్షరం కనిపించాలన్నా, కీ నొక్కితే తెలియాలన్నా, ఫైలు తెరుచుకోవాలన్నా అది నడుస్తూ ఉండాలి. డీబగ్గర్‌ను ఆ కెర్నెల్ మీదే నడుపుతూ దాన్ని ఆపాలనుకోవడం కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే.

అందుకే పనిని రెండుగా చీలుస్తారు. తెలివంతా ఒక కంప్యూటర్‌లో ఉంటుంది: సోర్సు కోడ్, ఏ ఫంక్షన్ ఏ చిరునామాలో ఉందో చెప్పే సింబల్ పట్టిక, కమాండ్లు అందుకునే డీబగ్గర్. దీన్ని హోస్ట్ అంటారు. పరీక్షకు గురయ్యే కంప్యూటర్ టార్గెట్. దాని కెర్నెల్ లోపల స్టబ్ అనే చిన్న కోడ్ ముక్క ఉంటుంది. దానికి సోర్సు తెలియదు, ఫంక్షన్ పేర్లు తెలియవు. ఈ చిరునామాలో ఏముందో చెప్పు, ఈ బైటు మార్చు, ముందుకు నడువు అన్న ఆదేశాలను పాటించడమే దాని పని. స్టబ్ ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది, ఎందుకంటే అది ఉండేది తప్పు ఉన్న ఇంట్లోనే.

రిమోట్ అనే మాట చాలామందిని ఇక్కడ తికమక పెడుతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లోనో, దూరం నుంచి కమాండ్లు పంపే ఎస్‌ఎస్‌హెచ్‌లోనో అవతలి ఆపరేటింగ్ సిస్టమ్ ఆరోగ్యంగా నడుస్తూ మన ఆదేశాలు వింటుంది. కెర్నెల్ డీబగ్గింగ్‌లో అవతలి వైపు వినడానికి ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు. అది గడ్డకట్టి ఉంటుంది. వినేది స్టబ్ ఒక్కటే.

ఆగిన క్షణంలో లోపల జరిగేది

లినక్స్‌లో ఈ స్టబ్ పేరు కేజీడీబీ. హోస్ట్ మీద ఉండే డీబగ్గర్ జీడీబీ, అంటే సామాన్య ప్రోగ్రామ్‌లకు 1986 నుంచి వాడుతున్నదే.

ఒక ఫంక్షన్ మొదట్లో బ్రేక్‌పాయింట్, అంటే ఆగాల్సిన గుర్తు, పెట్టమని అడిగితే, స్టబ్ ఆ చిరునామాలోని మొదటి బైటును దాచుకుని అక్కడ వేరే బైటు రాస్తుంది. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో ఆ బైటు విలువ హెక్సాడెసిమల్‌లో (16 ఆధారంగా రాసే అంకెల్లో) సీసీ. ప్రాసెసర్ అక్కడికి చేరగానే ఎక్సెప్షన్, అంటే మామూలు నడకను ఆపేసే సంకేతం, పుడుతుంది. అమలు స్టబ్ చేతికి వస్తుంది. ఆధునిక యంత్రంలో ప్రాసెసర్ కోర్లు ఎన్నో ఉంటాయి. ఒక కోర్ ఆగి మిగతావి నడుస్తూ ఉంటే చూస్తున్న డేటా చూస్తుండగానే మారిపోతుంది. కాబట్టి ఆగిన కోర్ మిగతా కోర్లకు ఆపేయమని ఇంటరప్ట్ (చేస్తున్న పనిని ఆపించే సంకేతం) పంపుతుంది. వీలైన చోట అది అడ్డుకోవడానికి వీల్లేని రకం ఇంటరప్ట్. అవన్నీ చిన్న లూపులో తిరుగుతూ నిలబడిపోతాయి.

అసలు విషయం ఇక్కడుంది. మామూలు సమయంలో సీరియల్ పోర్టుకు అక్షరం వచ్చిందంటే ఇంటరప్ట్ ద్వారా కెర్నెల్‌కు తెలుస్తుంది. డ్రైవర్ లేస్తుంది, ఒకేసారి ఇద్దరు ముట్టుకోకుండా లాకు తీసుకుంటుంది, అక్షరాన్ని బఫర్ అనే తాత్కాలిక చోట పెడుతుంది, చదవాల్సిన ప్రాసెస్‌ను నిద్ర లేపుతుంది. అంతా ఆగిన స్థితిలో ఇవేవీ జరగవు. ఇంటరప్ట్‌లు మూసి ఉంటాయి, నిద్ర లేపే షెడ్యూలర్ ఆగి ఉంటుంది. లాకును ఏ కోర్ పట్టుకుని ఆగిపోయిందో చెప్పలేం. అది విడుదలవుతుందని ఎదురుచూస్తే ఇక ఎప్పటికీ ఎదురుచూస్తూనే ఉండాలి.

సీరియల్ చిప్ ఈ చిక్కును ఒక్క ఎత్తులో దాటేస్తుంది. పీసీల్లోని మొదటి సీరియల్ పోర్టు హెక్స్ 3ఎఫ్8 అనే చిరునామాలో ఉంటుంది. అక్కడి నుంచి ఐదు స్థానాల తర్వాత దాని స్థితి తెలిపే రిజిస్టర్ (చిప్ లోపలి చిన్న నిల్వ గది) ఉంటుంది. ఆ రిజిస్టర్‌లో ఒక బిట్ వెలిగితే అక్షరం వచ్చినట్టు, మరో బిట్ వెలిగితే పంపడానికి చోటున్నట్టు. స్టబ్ ఆ బిట్‌ను మళ్లీ మళ్లీ చూస్తుంది. వెలగగానే అక్షరం చదువుతుంది. పంపడమూ ఇంతే. ఇంటరప్ట్ అక్కర్లేదు, లాకు అక్కర్లేదు, మెమరీ కేటాయింపు అక్కర్లేదు. కొన్ని వరుసల కోడ్‌తో పని అయిపోతుంది. కెర్నెల్‌లో మిగతా భాగమంతా చెడిపోయినా ఆ కొన్ని వరుసలూ నడిచే అవకాశం చాలా ఎక్కువ.

ఈ తేడా తెలియక చాలామంది ఒకచోట ఆగిపోతారు. ల్యాప్‌టాప్‌కు సీరియల్ పోర్టు లేదు కాబట్టి యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ తగిలిస్తే సరిపోతుందనుకుంటారు. హోస్ట్ వైపు అది చక్కగా పనిచేస్తుంది. టార్గెట్ వైపు చేయదు. ఆ అడాప్టర్‌తో మాట్లాడాలంటే యూఎస్‌బీ కంట్రోలర్ డ్రైవర్, ఇంటరప్ట్‌లు, బఫర్ల వరుసలు అన్నీ నడుస్తూ ఉండాలి. ఆగిన కెర్నెల్‌లో నడవనివే అవి. టార్గెట్‌కు మదర్‌బోర్డు మీద గానీ, పీసీఐ కార్డు మీద గానీ అసలైన సీరియల్ చిప్ ఉండాలి.

తీగ మీద నడిచే సంభాషణ

జీడీబీ రిమోట్ ప్రోటోకాల్ చదవడానికి చాలా తేలిక. ప్రతి సందేశం డాలర్ గుర్తుతో మొదలవుతుంది, తర్వాత అసలు మాట, ఆ తర్వాత హ్యాష్ గుర్తు, చివర సందేశం తప్పు లేకుండా చేరిందో లేదో చూసే రెండంకెల చెక్‌సమ్. అందుకున్న వైపు లెక్క సరిపోతే ప్లస్ గుర్తు, సరిపోకపోతే మైనస్ గుర్తు పంపుతుంది. మైనస్ వస్తే మళ్లీ పంపాలి. రిజిస్టర్లన్నీ చూపమనడానికి జీ, మెమరీ చదవడానికి ఎం, ఒక్క ఆదేశం మాత్రమే నడిచి ఆగడానికి ఎస్, ఆపకుండా సాగిపోవడానికి సీ అనే ఇంగ్లిష్ అక్షరాలు సరిపోతాయి. ఎందుకు ఆగావు అని అడగడానికి ప్రశ్నార్థకం పంపుతారు.

మెమరీలోని ప్రతి బైటూ రెండు హెక్సాడెసిమల్ అక్షరాలుగా వెళుతుంది. అంటే డేటా పరిమాణం రెట్టింపవుతుంది. ఇది వృథా అనిపించవచ్చు. మామూలు అక్షరాలు మాత్రమే వెళుతున్నందువల్ల టెర్మినల్ తెరిచి సంభాషణను కంటితో చదవవచ్చు, ఎక్కడ తెగిపోయిందో పట్టుకోవచ్చు. తీగే అనుమానాస్పదమైనప్పుడు ఆ సౌకర్యం విలువ తెలుస్తుంది.

ఇక వేగం. సీరియల్‌లో ఎక్కువగా వాడే వేగం సెకనుకు 1,15,200 బిట్లు. ఒక్కో బైటుకు ముందూ వెనుకా హద్దు బిట్లు కలిపి పది బిట్లు పోతాయి. కాబట్టి సెకనుకు 11,520 బైట్లు. రిజిస్టర్లన్నీ చూపమంటే 64 బిట్ల ఇంటెల్ యంత్రంలో మూడు వందల పైచిలుకు అక్షరాలు వస్తాయి. ముప్పై మిల్లీసెకన్ల లోపే పని అయిపోతుంది, మనిషికి ఆలస్యమే తెలియదు. అదే తీగ మీద 4 జీబీ మెమరీ మొత్తం తీయాలంటే, హెక్సాడెసిమల్ రెట్టింపు కూడా కలిపితే, ఎనిమిది రోజులు దాటుతుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే సీరియల్ దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో స్పష్టమవుతుంది. ఒక్కో చిరునామా చూసుకుంటూ, ఒక్కో అడుగు వేసుకుంటూ వెళ్లే వారికి అది చాలు. యంత్రం మెమరీ మొత్తం కావాల్సిన వారికి డంపే గతి.

లినక్స్‌లో స్టబ్‌కు చోటు దొరకడానికి ఇన్నేళ్లు

సాంకేతికంగా ఇంత సూటిగా ఉన్న ఈ సదుపాయం లినక్స్ ప్రధాన కెర్నెల్‌లోకి వచ్చింది 2008 జులైలో, 2.6.26 వెర్షన్‌తో. అంతకు ముందు ఏళ్ల తరబడి అది విడిగా అతికించుకునే బయటి ప్యాచ్‌గానే ఉంది. కెర్నెల్ మారినప్పుడల్లా ప్యాచ్‌ను దానికి తగ్గట్టు సరిదిద్దుకోవాల్సి వచ్చేది.

దీని వెనుక సాంకేతిక అడ్డంకి కన్నా అభిప్రాయభేదమే పెద్దది. 2000 సెప్టెంబరులో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ తనకు డీబగ్గర్లంటే ఇష్టం లేదని బాహాటంగా రాశారు. డీబగ్గర్ చేతిలో ఉంటే జనం తప్పు కనిపించిన చోటికి అతుకు వేసి వెళ్లిపోతారని, అది లేకపోతే కోడ్‌ను మూలం నుంచి అర్థం చేసుకోక తప్పదని ఆయన వాదన. ఆ వాదనలో నిజం లేకపోలేదు. అయితే అది కోడ్ రాసేవారికి వర్తించినంతగా కొత్త హార్డ్‌వేర్‌ను లేపేవారికి వర్తించదు. సొంత బోర్డు మీద చిప్ ఇచ్చే సమాధానం పత్రాల్లో రాసినట్టు లేనప్పుడు, కోడ్‌ను ఎంత చదివినా సమాధానం దొరకదు. పరికరాల్లో ఇమిడిపోయే కంప్యూటర్లను తయారు చేసే ఎంబెడెడ్ రంగం కేజీడీబీని వదలకుండా పట్టుకోవడానికి కారణం అదే. చివరకు దాన్ని ప్రధాన కెర్నెల్‌లోకి చేర్చే పనిలో ముందున్న జేసన్ వెసెల్ కూడా ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ విండ్ రివర్‌లో పనిచేసిన ఇంజనీరే.

2010లో వచ్చిన 2.6.35లో కేడీబీ అనే మరో ముఖద్వారం కలిసింది. దీనికి రెండో కంప్యూటర్‌లో డీబగ్గర్ అక్కర్లేదు. టార్గెట్ కన్సోల్‌లోనే చిన్న కమాండ్లు టైపు చేసి స్టాక్, రిజిస్టర్లు, ప్రాసెస్‌ల జాబితా చూడవచ్చు. సోర్సు వరుసలు మాత్రం చూపదు. తొందరలో ఒక చూపు చూడటానికి కేడీబీ, కూర్చుని వెతకడానికి కేజీడీబీ.

ఫైర్‌వైర్, యూఎస్‌బీ, ఈథర్‌నెట్

వేగం కోసం వెతుకులాట ఎక్కువగా విండోస్ వైపు జరిగింది. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి ఫైర్‌వైర్ కేబుల్ మీద కెర్నెల్ డీబగ్గింగ్ వీలైంది. సెకనుకు 40 కోట్ల బిట్ల తీగ అది. సీరియల్‌తో పోలిస్తే వేల రెట్లు. దానికి మరో ప్రత్యేకత కూడా ఉంది. ఫైర్‌వైర్ కంట్రోలర్ అవతలి యంత్రం అడిగిన మెమరీని ప్రాసెసర్‌కు చెప్పకుండానే తీసి పంపగలదు. టార్గెట్ పూర్తిగా బిగుసుకుపోయినా, స్టబ్ కూడా నడవకపోయినా మెమరీ చదవవచ్చు. లినక్స్‌లోనూ కెర్నెల్ సందేశాలను ఇలా బయటి నుంచి లాగే పద్ధతి వచ్చింది. డీబగ్ చేసేవారికి ఇంతకన్నా మంచి తీగ లేదు. దాడి చేసేవారికీ అంతే. తాళం వేసి ఉన్న ల్యాప్‌టాప్‌కు తీగ తగిలించి పాస్‌వర్డ్‌లు, గూఢలిపి తాళాలు లాగేయవచ్చని పరిశోధకులు చేసి చూపించారు. పోర్టు కూడా కంప్యూటర్ల నుంచి కనుమరుగైంది. విండోస్ 10లో 1607 వెర్షన్ తర్వాత ఫైర్‌వైర్ డీబగ్గింగ్‌కు మద్దతు లేదు.

యూఎస్‌బీ 2 కంట్రోలర్ల ప్రమాణంలో డీబగ్ పోర్టు అనే చిన్న ఏర్పాటు ఉంది. యూఎస్‌బీ డ్రైవర్ల సముదాయం అంతా లేకుండానే, ఎనిమిదేసి బైట్ల చొప్పున డేటా పంపుకోవచ్చు. ఆలోచన సరైనదే, ఆచరణలో నానా తంటా. కంట్రోలర్‌కు ఉన్న పోర్టుల్లో ఒక్కదానికే ఆ శక్తి ఉంటుంది. అది కేసు బయటికి తెచ్చి ఉండకపోవచ్చు. పైగా మధ్యలో చిప్ ఉన్న ప్రత్యేక కేబుల్ కొనాలి. యూఎస్‌బీ 3లో ఈ ఇబ్బంది చాలావరకు తగ్గింది. రెండు వైపులా ఒకే రకం ప్లగ్ ఉండి, పంపే తీగలు అందుకునే తీగలతో అడ్డంగా కలిసి, 5 వోల్టుల తీగ లేని కేబుల్ చాలు. ఆ వోల్టుల తీగ లేకపోవడం ముఖ్యం. ఉంటే రెండు కంప్యూటర్ల విద్యుత్ సరఫరాలు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి.

ఈథర్‌నెట్ విషయంలో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు రెండు దారులు పట్టాయి, ఈ పోలికలోనే మొత్తం సమస్య కనిపిస్తుంది. లినక్స్‌కు నెట్‌వర్క్ మీద నడిచే కేజీడీబీ ప్యాచ్ ఉండేది, అది ప్రధాన కెర్నెల్‌లో చేరలేదు. కార్డును నడిపే మామూలు డ్రైవర్‌నే, ఇంటరప్ట్ లేకుండా మళ్లీ మళ్లీ అడిగి చూసే పోలింగ్ పద్ధతిలో వాడుకోవాలన్నది దాని ఆలోచన. ఆ డ్రైవర్ లాకులు పట్టుకుని ఉన్న క్షణంలో కెర్నెల్ ఆగిపోతే దారి మూసుకుపోతుంది. ఏ డ్రైవర్‌లో తప్పు వెతుకుతున్నారో ఆ డ్రైవర్‌నే నమ్ముకోవాల్సి రావచ్చు.

మైక్రోసాఫ్ట్ 2012లో విండోస్ 8తో కేడీనెట్‌ను తెచ్చింది. అది ఆపరేటింగ్ సిస్టమ్ నెట్‌వర్క్ డ్రైవర్‌ను ముట్టుకోదు. ఇంటెల్, రియల్‌టెక్, బ్రాడ్‌కామ్ కార్డుల కోసం డీబగ్గింగ్‌కే ప్రత్యేకంగా రాసిన చిన్న డ్రైవర్లు దానికి ఉన్నాయి. ఆ కార్డును డీబగ్గర్ తన సొంతం చేసుకుంటుంది. విండోస్‌కు నెట్‌వర్క్ కావాలంటే డీబగ్గర్ దగ్గరే పంచుకోవాలి. సీరియల్‌కు పుట్టుకతో ఉన్న స్వతంత్రతను ఇక్కడ కోడ్ రాసి కొనుక్కున్నారు. ఆ జాబితాలో లేని కార్డు ఉన్న కంప్యూటర్‌లో కేడీనెట్ పనిచేయదు. పనిచేసే చోట మాత్రం వేగం, దూరం రెండూ కలిసొస్తాయి. నెట్‌వర్క్ మీద ఎవరైనా వినవచ్చు కాబట్టి సంభాషణను నాలుగు భాగాల తాళంతో గూఢలిపిలో పంపుతారు.

కట్టేటప్పుడు ఎదురయ్యే చిక్కులు

కేబుల్ దగ్గరే ఎక్కువ సమయం పోతుంది. రెండు పీసీల మధ్య కావాల్సింది నల్ మోడెమ్ కేబుల్. ఇందులో ఒకవైపు పంపే తీగ అవతలివైపు అందుకునే తీగకు కలుస్తుంది. సూటి కేబుల్ వేస్తే రెండు వైపులా అరుస్తూ ఉంటాయి, ఎవరూ వినరు. బోర్డులతో పని చేసేవారు వోల్టేజీ చూసుకోవాలి. పీసీ సీరియల్ పోర్టు ధన, రుణ వోల్టుల మధ్య ఊగుతుంది, 15 వోల్టుల వరకు వెళ్లవచ్చు. రాస్ప్‌బెర్రీ పై లాంటి బోర్డు 3.3 వోల్టులకే తయారైంది. 1.8 వోల్టుల బోర్డులూ ఉన్నాయి. నేరుగా కలిపితే చిప్ కాలిపోతుంది. తగిన వోల్టేజీ అడాప్టర్ వేసుకుని, పంపేది, అందుకునేది, గ్రౌండ్ అనే మూడు తీగలు కలిపితే చాలు. గ్రౌండ్ మరచిపోతే తెర మీద చెత్త అక్షరాలు వస్తాయి.

తీగ కుదిరాక కెర్నెల్ సహకరించాలి. లినక్స్‌లో కేజీడీబీ, డీబగ్ సమాచారం ఉండేలా కెర్నెల్‌ను తయారు చేసుకోవాలి. బూట్ సమయంలో కెర్నెల్‌కు ఇచ్చే ఆదేశ వరుసలో ఏ సీరియల్ పోర్టు, ఏ వేగం అన్నది చెప్పాలి. బూట్ మొదట్లోనే ఆగి డీబగ్గర్ కోసం ఎదురుచూడమని కూడా చెప్పవచ్చు. నడుస్తున్న కెర్నెల్‌ను ఆపాలంటే సిస్‌రిక్వెస్ట్ మీట, తర్వాత జీ.

అప్పుడు కూడా చిరునామాలు తప్పుగా చూపిస్తే అనుమానించాల్సింది కేఏఎస్ఎల్ఆర్‌ను. దాడులను కష్టం చేయడానికి కెర్నెల్ ప్రతి బూట్‌లోనూ మెమరీలో వేరే చోట కూర్చునే ఏర్పాటు అది. 2017లో వచ్చిన 4.12 నుంచి ఇంటెల్ తరహా యంత్రాల్లో మామూలుగానే అమల్లో ఉంటుంది. హోస్ట్ దగ్గరున్న సింబల్ పట్టిక పాత చిరునామాలు చెబుతుంది, కెర్నెల్ మరో చోట ఉంటుంది. పరీక్ష సమయంలో కేఏఎస్ఎల్ఆర్‌ను ఆపేయడమే తేలిక. డీబగ్గర్‌లో కొన్ని వేరియబుళ్ల విలువ కనిపించకపోవడం కూడా తప్పు కాదు. కెర్నెల్‌ను ఎప్పుడూ ఆప్టిమైజ్ చేసే కంపైల్ చేస్తారు, ఆ క్రమంలో కొన్ని విలువలు ఎక్కడా నిలవవు.

కన్సోల్ సందేశాలు, డీబగ్గర్ సంభాషణ ఒకే తీగ మీద వస్తే రెండూ కలగాపులగం అవుతాయి. వాటిని విడదీసి రెండు ద్వారాలుగా ఇచ్చే ఏజెంట్-ప్రాక్సీ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. ఒకే సీరియల్ పోర్టు ఉన్న బోర్డుతో పని చేసేవారికి అది తప్పనిసరి అనే చెప్పాలి.

ఆపితే మాయమయ్యే తప్పులు

కెర్నెల్ ఆగుతుంది, ప్రపంచం ఆగదు. టార్గెట్ అయిదు నిమిషాలు నిలబడితే దానితో నెట్‌వర్క్ మీద మాట్లాడుతున్న సర్వర్లు విసిగి కనెక్షన్లు తెంచుకుంటాయి. బోర్డు మీద హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఉంటే, కెర్నెల్ చనిపోయిందనుకుని యంత్రాన్నే తిరిగి బూట్ చేస్తుంది. ప్రాసెసర్ ఆగినా నెట్‌వర్క్ కార్డు ముందే ఇచ్చిన బఫర్లలోకి డేటా రాస్తూనే ఉండవచ్చు. అంటే ఆగిన మెమరీ కూడా పూర్తిగా ఆగినట్టు కాదు. కేజీడీబీ మళ్లీ నడక మొదలుపెట్టేటప్పుడు కెర్నెల్‌లోని సాఫ్ట్‌వేర్ వాచ్‌డాగ్‌లను సముదాయించి పంపుతుంది. బయటి వాటిని సముదాయించడం దాని చేతిలో లేదు.

రెండు కోర్లు ఒకే డేటా కోసం పోటీపడినప్పుడు మాత్రమే వచ్చే తప్పులకు ఇది మరీ ఇబ్బంది. నానోసెకన్ల తేడాలో పుట్టే తప్పు, మధ్యలో ఆపగానే పుట్టకుండా పోతుంది. అలాంటి వాటికి కెర్నెల్‌ను ఆపకుండా జరిగినవి రాసుకుంటూ పోయే ఎఫ్‌ట్రేస్ మేలు. కూలిన తర్వాత చూడటానికి కేడంప్, ప్రాసెసర్‌ను చిప్ స్థాయిలోనే ఆపడానికి జేట్యాగ్ ఉన్నాయి. కెర్నెల్ నేర్చుకునే విద్యార్థులకు క్యూఈఎంయూ వర్చువల్ యంత్రం చాలు. అందులో స్టబ్ కెర్నెల్ బయట ఉంటుంది కాబట్టి మొట్టమొదటి ఆదేశం నుంచే ఆపి చూడవచ్చు, కేబులూ అక్కర్లేదు. అసలు చిప్‌తో మాట్లాడే డ్రైవర్ తప్పు మాత్రం అసలు చిప్ మీదే కనిపిస్తుంది. హైదరాబాద్, బెంగళూరు ల్యాబుల్లో కొత్త చిప్‌లను లేపే ఇంజనీర్ల బల్లల మీద సీరియల్ అడాప్టర్ తీగలు వేలాడుతూ ఉండేది అందుకే.

తీగ తగిలిస్తే తలుపు తెరుచుకున్నట్టే

డీబగ్గర్ చేతికి వచ్చిందంటే కెర్నెల్ మెమరీలో ఏ బైటునైనా చదవవచ్చు, మార్చవచ్చు. పాస్‌వర్డ్ తనిఖీని దాటించడానికి ఒక్క విలువ మారిస్తే చాలు. అందుకే సురక్షిత బూట్ వ్యవస్థలతో దీనికి సహజంగానే పొసగదు. విండోస్‌లో కెర్నెల్ డీబగ్గింగ్‌ను తెరవాలంటే ముందు, నమ్మకమైన కోడ్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ ఆపేయాలి. లినక్స్‌లో కెర్నెల్‌ను మార్చనివ్వని లాక్‌డౌన్ అనే రక్షణ ఉన్నా, డీబగ్గర్ దారి దాని పరిధిలోకి రాలేదని 2022లో తేలింది. భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2022-21499గా నమోదైన ఆ లోపాన్ని అదే ఏడాది సరిదిద్దారు. ఇప్పుడు లాక్‌డౌన్ ఉన్న కెర్నెల్‌లో కేజీడీబీ, కేడీబీలు కూడా పరిమితులకు లోబడే ఉంటాయి.

తయారీదారులు ఈ ఒత్తిడిని రకరకాలుగా తీర్చుకున్నారు. క్రోమ్‌బుక్‌లలో యూఎస్‌బీ-సీ పోర్టుకే ప్రత్యేక డీబగ్ కేబుల్ తగిలించి, కేసు విప్పకుండా సీరియల్ అందుకోవచ్చు. కానీ పూర్తి అనుమతి కోసం యంత్రం ముందు కూర్చుని, అడిగినప్పుడల్లా పవర్ బటన్ నొక్కుతూ కొన్ని నిమిషాలు గడపాలి. దొంగిలించిన వాడికైనా తొందర కుదరదు. ఆపిల్ ఇంకా గట్టి దారి పట్టింది. సొంత చిప్‌లు ఉన్న మ్యాక్‌లలో కెర్నెల్ స్థితిని చూడవచ్చు గానీ, బ్రేక్‌పాయింట్లు పెట్టి అడుగడుగునా నడిపించడానికి బయటి డెవలపర్లకు వీల్లేదు. భద్రత పెరిగింది నిజమే, కానీ ఆ మేరకు డ్రైవర్ రాసేవారి చేతులు కట్టేసినట్టయింది.

ఇకపై మార్పు ఎటు

2024 ఘటన తర్వాత మైక్రోసాఫ్ట్ భద్రతా సాఫ్ట్‌వేర్‌ను కెర్నెల్ బయటికి తరలించే పని మొదలుపెట్టింది. 2022 డిసెంబరులో 6.1తో లినక్స్ కెర్నెల్ రస్ట్ భాషకు తలుపు తెరిచింది. మెమరీని తప్పుగా వాడే లోపాలను చాలావరకు ముందే పట్టే భాష అది. ఈ రెండూ ఫలిస్తే కెర్నెల్ లోపలి తప్పులు తగ్గాలి. చిప్ చెప్పినట్టు నడవని హార్డ్‌వేర్ సమస్యలు, టైమింగ్ చిక్కులు వీటితో పోవు. తీగ అవసరం ఎక్కువగా వచ్చేది వాటికే.

తీగ రూపం మాత్రం మారుతోంది. డేటా సెంటర్లలో సర్వర్ల వెనుక సీరియల్ కేబుల్ లాగడం తగ్గిపోయింది. మదర్‌బోర్డు మీద ఉండే నిర్వహణ చిప్ సీరియల్ అక్షరాలను నెట్‌వర్క్ మీద మోసుకెళుతుంది. అమెజాన్ 2021లో తన క్లౌడ్ సర్వర్లకు సీరియల్ కన్సోల్ ఇచ్చింది. 2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5లో సీరియల్ డీబగ్గింగ్ కోసమే విడిగా మూడు పిన్నుల కనెక్టర్ పెట్టారు. ఆర్మ్ సర్వర్ల ప్రమాణం కూడా ప్రతి యంత్రంలోనూ ఒక సాధారణ సీరియల్ చిప్ ఉండాలని కోరుతుంది. బయట అక్షరాలు ఏ దారిలో వెళ్లినా, ఆగిపోయిన కెర్నెల్‌కు కనిపించేది స్థితి చెప్పే ఆ ఒక్క రిజిస్టర్, అందులో వెలిగే రెండు బిట్లే.